మాస్టారు బల్ల దిగిన రోజు

మా టైలర్ మాస్టారి మోకాళ్ళు ఎలా ఉంటాయో మా వీధిలో చాలామంది చూడలేదు. నడుము నుంచి పైకి మాత్రం ఆయన అందరికీ తెలిసినవారే. మెడలో టేపు, చెవి సందున సుద్దముక్క, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. ఆ సూదులు జారిపోకుండానే కౌంటరు ముందుకొచ్చిన ప్రతివాళ్ళనీ ఆటపట్టించేవారు.

"రండి సార్, రండి. మొన్న కుట్టిన ప్యాంటు అప్పుడే బిగిసిపోయిందా? గుడ్డ కుంచించుకుపోయిందంటారు, అంతేగా? సరే, నింద గుడ్డ మీదే వేద్దాం. పాపం, అది ఎదురు మాట్లాడదు."

ఆయన పొట్టి. ఓ మోస్తరు పొట్టి కాదు. నేల మీద నిలబడితే గడ్డం వచ్చి కౌంటరు అంచుకు ఆనుతుంది. చేతులూ కాళ్ళూ పొట్టివే. తల, మీసం మాత్రం అందరి మగవాళ్ళలాగే ఉంటాయి, ఆ మాటకొస్తే మీసం అందరికన్నా ఒక పాలు ఎక్కువే. వాళ్ళ నాన్న వడ్రంగి. కొడుకు సొంతంగా కొట్టు పెట్టుకుంటున్నప్పుడు కౌంటరు లోపలివైపు మోకాలెత్తున ఒక బల్ల కట్టి ఇచ్చాడట. అది తిన్నగా ఉండే బల్ల కాదు, గుర్రపు లాడంలా వంపు తిరిగి ఉంటుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కౌంటరు పక్కనున్న చిన్న తలుపు తోసుకుని లోపలికెళ్ళి, ఆ వంపు మధ్యలో నేల మీద నిలబడాలి. మాస్టారు బల్ల మీద చుట్టూ తిరుగుతూ ముందు నుంచి ఛాతీ, పక్క నుంచి చెయ్యి, వెనక నుంచి వీపు కొలిచేవారు. కాళ్ళ కొలత కావలసి వస్తే బల్ల అంచున చతికిలబడి వంగేవారు. పిల్లలొస్తే కౌంటరు మీద నిలబెట్టమనేవారు. అంతేగానీ, వచ్చినవాళ్ళ ఎదుట నేల మీద కాలు పెట్టడమన్నది లేదు.

ఆయన బల్ల మీద నిలబడతారని అందరికీ తెలుసు. తెలుసని ఆయనకీ తెలుసు. అయినా ఆ మాట ఎవరూ ఎత్తరు. పక్క కొట్టు ఫొటోల ఆయన నెత్తిన ఉన్నది విగ్గని కూడా అందరికీ తెలుసు, అదీ ఎవరూ ఎత్తరు. వాళ్ళిద్దరూ మంచి స్నేహితులు. రోజూ కౌంటరుకు అటొకరూ ఇటొకరూ నిలబడి టీ తాగుతూ, బల్ల గురించీ విగ్గు గురించీ తప్ప లోకంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకునేవారు.

అసలు మాస్టారి పనంతా దాచడమే. పొట్ట ఉన్నాయనకు పొట్ట కనబడకుండా కుట్టేవారు. ఒక కాలు కురచైన గుమాస్తాకు ప్యాంటు అంచు ఎలా మడిచేవారో ఏమో, రెండు కాళ్ళూ సమానంగా నేలకు తగిలేవి. మా ఆయన పోస్టుమ్యాన్. ఏళ్ళ తరబడి ఉత్తరాల సంచి ఒకే భుజానికి తగిలించుకుని తిరగడంతో ఆ భుజం కాస్త కిందికి దిగిపోయింది. మాస్టారు ఆ భుజం దగ్గర లోపల గుడ్డ మడత పెట్టి, చిన్న దిండులాగా చేసి కుట్టేసేవారు. ఇస్త్రీ చేసేదాన్ని నేనే కాబట్టి ఆ మడత నా వేలికి తగిలేది. ఆయనకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని నేనెప్పుడూ అనలేదు. దాని మీదుగా ఇస్త్రీపెట్టె మెల్లగా పోనిచ్చేదాన్ని.

మాస్టారు వాళ్ళ అక్కగారి ఇంట్లోనే ఉంటారు. ఆవిడ నాకు తెలుసు, పాలకేంద్రం దగ్గర కనబడుతూ ఉంటుంది. తమ్ముడు పొద్దున్నే బడి గంట కొట్టకముందే కొట్టుకు వెళ్ళిపోతాడనీ, సాయంత్రం పిల్లలంతా ఇళ్ళకు చేరాకే బయటికొస్తాడనీ ఆవిడే చెప్పింది. చిన్నప్పుడు బడిలో పిల్లలు ఆయన్ని ఎత్తి కిటికీలో కూర్చోబెట్టి, దిగలేకపోతే చుట్టూ చేరి చూస్తుండేవారట. నాలుగో తరగతితో బడి మానేశాడు.

"పెద్దవాళ్ళంటే వాడికి భయం లేదమ్మా," అంది ఆవిడ. "పెద్దవాళ్ళకు మొహమాటం ఉంటుంది కదా. పిల్లలకు అదింకా రాదు."

పిల్లలకు అది రాదన్న సంగతి నాకు ఒకరు చెప్పాలా! నా మనవరాలు ఉంది. అమ్మాయి ఉద్యోగానికి వెళుతూ పొద్దున్నే దాన్ని నా దగ్గర దించి వెళుతుంది. దానికి నాలుగేళ్ళు. ఇంట్లో దాన్ని గంట అని పిలుస్తాం. మోగడం మొదలుపెడితే వీధి చివరిదాకా వినబడుతుంది మరి.

బస్సులో ఒక ముసలాయన మా ఎదురుగా కూర్చుంటే, "అమ్మమ్మా, ఈ తాతకి చెవుల్లోంచి గడ్డం వస్తోంది!" అంది. కూరగాయల కొట్టాయనకు ఒక వేలు సగమే ఉంటుంది. ఆయన చెయ్యి పట్టుకుని మరీ, "నీ వేలు ఎవరు కొరికేశారు?" అని అడిగింది. లిఫ్టులో ఒకావిడను చూసి, "ఈ ఆంటీ కడుపులో ఎంతమంది పాపలున్నారు?" అంది. ఆవిడ కడుపులో ఎవరూ లేరు. ఆ లిఫ్టు పైకి చేరేలోపల నేనూ మా అమ్మాయీ ఎన్ని రకాలుగా చచ్చామో మాకే తెలుసు.

అప్పటినుంచీ మా అమ్మాయి ఒక ఉపాయం కనిపెట్టింది. బయటికి వెళ్ళేటప్పుడు సంచిలో బిస్కెట్లు ఉండాలి. గంట ఎవరివైపైనా తేరిపార చూసి నోరు తెరవబోతే, ఆ తెరిచిన నోట్లో బిస్కెట్టు పెట్టెయ్యాలి. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ తరవాత చూస్తే, అది దారిన పోయే ప్రతి మనిషినీ ఎగాదిగా చూడటం, నోరు తెరవడం, ఆపైన నా సంచివైపు చూడటం! చూసినందుకు బిస్కెట్టు ఇస్తారని దానికి మేమే నేర్పినట్టయింది. "నువ్వు మరీ తొందరగా పెట్టేస్తున్నావమ్మా," అని మా అమ్మాయి నన్నే అంది.

ఇదిలా ఉండగా, ఒకరోజు బీరువా సర్దుతూ మా ఆయన చొక్కాలు బయటికి తీశాను. ఎవరికైనా ఇచ్చెయ్యమని అమ్మాయి ఎప్పటినుంచో అంటోంది. ఒకటి నీలం చారలది, ఒకటి తెల్లది. రెండూ మాస్టారు కుట్టినవే. వాటిని బీరువాలో పెట్టబుద్ధి కాలేదు, ఇవ్వబుద్ధీ కాలేదు. గంటకు గౌను కుట్టిద్దామనిపించింది. ఆ చొక్కాలు సంచిలో వేసుకుని, దాని చెయ్యి పట్టుకుని కొట్టుకు బయలుదేరాను. బిస్కెట్లు కొట్టు చేరేలోపలే అయిపోయాయి. దారిలో ఊతకర్రలతో ఒకాయన, బాగా లావుపాటి జంట ఒకటి, రంగు వేసిన జుట్టుతో ఒక కుర్రాడు ఎదురయ్యారు మరి.

మేం వెళ్ళేసరికి కౌంటరు దగ్గర బడి మేడమ్ నిలబడి ఉంది. మా వీధి మలుపులో చిన్నపిల్లల బడి ఉంది, ఆవిడ దానికి పెద్ద. ఫొటోల ఆయన టీ గ్లాసుతో పక్కన ఉన్నారు.

"మేడమ్, పిల్లల యూనిఫారాలకు మీరే కొలిచి రాసి పంపించండి. కుట్టే పూచీ నాది," అంటున్నారు మాస్టారు.

"నేను కొలిస్తే అన్నీ గోనెసంచులవుతాయి మాస్టారూ. పోయినేడు రెడీమేడ్ వాళ్ళు ఇచ్చినవి అలాగే ఏడిశాయి. ఒక పిల్లాడికి నిక్కరు చంకల దాకా వచ్చింది. మీరు ఒక్క పూట బడికి రండి చాలు."

"కొట్టు వదిలి రాలేనండీ."

"కొట్లో ఈగలు తోలుతున్నావు కదయ్యా," అన్నారు ఫొటోల ఆయన.

"ఆ ఈగలకు కొలతలు తీస్తున్నాను, నీకెందుకు?"

మేడమ్ నవ్వలేదు. "రేపు పొద్దుటిలోగా మీరు ఊఁ అనకపోతే మా బడి కమిటీ వాళ్ళు మళ్ళీ ఆ రెడీమేడ్ వాళ్ళకే ఇచ్చేస్తారు. ఇంక నా చేతుల్లో ఉండదు," అంది.

మాస్టారు నవ్వుతూనే ఉన్నారుగానీ అది పెదవుల వరకే. సంగతి నాకు తెలుసు. జనమంతా రెడీమేడ్ బట్టలకు అలవాటు పడ్డాక కొట్టుకు రాకపోకలు తగ్గాయి. ఈ బడి పని దొరక్కపోతే నెలాఖరుకు కొట్టు మూసేసి, ఊరి బయట బట్టల షెడ్డులో చేరతానని ఆయన అక్కగారితో అన్నారట. అక్కడ ఆయన రోజంతా కాలర్లు మాత్రమే కుట్టాలి. చొక్కా ఎవరిదో, ఆ మనిషి ఎలా ఉంటాడో చూసే పని లేదు. "అక్కడైతే ఎవరూ నన్ను చూడరులే అక్కా," అన్నారట. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ పాలగిన్నె వైపు చూస్తూ చెప్పింది.

నేను చొక్కాలు కౌంటరు మీద పెట్టాను. నీలం చారలు చూడగానే మాస్టారి చెయ్యి ఆగింది. ఆ చొక్కా ఎవరిదో ఆయనకు చెప్పక్కర్లేదు. "మంచి గుడ్డమ్మా," అని, దాని మీద లేని దారప్పోగు ఒకటి తీసి కింద పడేశారు. ఫొటోల ఆయన టీ గ్లాసులోకి చూశారు. మేడమ్ తన వాచీ సరిచేసుకుంది. ఈ మధ్య నేను ఎక్కడికి వెళ్ళినా మనుషులు ఇలాగే ఏదో ఒకటి సరిచేసుకుంటున్నారు.

"ఇవి మా తాతయ్యవి," అంది గంట, కౌంటరు కింద నుంచి. "తాతయ్య చచ్చిపోయాడు. ఇంక వేసుకోడు."

సంచిలో చెయ్యి పెట్టాను. పొడి తప్ప ఏమీ లేదు.

"దీనికి గౌను కుట్టాలి మాస్టారూ," అన్నాను గబగబా.

"అలాగేనమ్మా, అలాగే. పాపను ఇలా కౌంటరు మీద నిలబెట్టండి."

"నేనెక్కను," అంది గంట.

"భయమా తల్లీ? పడకుండా నేను పట్టుకుంటాగా."

"భయం కాదు. బల్లలెక్కకూడదు. అమ్మ తిడుతుంది."

అది నిజమే. అంతకు నెల ముందు భోజనాల బల్ల ఎక్కి పడి గడ్డం పగలగొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. అప్పటినుంచీ ఇంట్లో ఎవరూ ఏదీ ఎక్కకూడదని మా అమ్మాయి శాసనం. నేను అటకమీద గిన్నె దింపడానికి స్టూలు ఎక్కినా గంట కేకలు పెట్టి దింపేస్తుంది.

నేను బతిమాలుతూ వంగి ఎత్తుకోబోయేసరికి అది నా చేతుల కింద నుంచి జారి, చిన్న తలుపు తోసుకుని లోపలికి దూరిపోయింది. తరవాత మోగింది.

"అమ్మమ్మా! ఈయన బల్లెక్కాడు!"

భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది.

"చెప్పులతో ఎక్కాడు!" అంది మళ్ళీ. తల పైకెత్తి, మాస్టారి ప్యాంటు పట్టుకుని లాగుతూ, "దిగు. పడతావు. పడితే గడ్డం పగులుతుంది. ఇదిగో నాది చూడు," అని గడ్డం చూపించింది.

మాస్టారు కదల్లేదు. ఆ మీసం కింద సూదులు రెండూ బిగిసిపోయి ఉన్నాయి. మేడమ్ గోడ మీదున్న క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి వీధి వీధంతా కాపాడుకొచ్చిన గుట్టు, నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన పిల్ల రచ్చకెక్కించేసింది. ఇంక ఈయన బడికి వెళ్ళడం కాదు కదా, రేపు కొట్టు తెరవడం కూడా కల్ల అనుకున్నాను.

పాపం ఫొటోల ఆయన సర్దిచెప్పబోయారు. కౌంటరు మీదుగా బాగా ముందుకు వంగి, వేలు ఆడిస్తూ, "తప్పు కదమ్మా. పెద్దవాళ్ళను పట్టుకుని అలా అనకూడదు," అన్నారు.

గంట ఆయనవైపు చూసింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"నీ జుట్టు పడిపోతోంది, పట్టుకో!"

ఆయన రెండు చేతులతో నెత్తి పట్టుకున్నారు. టీ గ్లాసు ఎటో దొర్లింది. విగ్గు అప్పటికే ఒక చెవి మీదికి వచ్చేసింది. మాస్టారి నోట్లోంచి ముందు "ఫుప్" అని ఒక చప్పుడు వచ్చింది. గుండుసూదులు రెండూ కిందపడ్డాయి. ఆ తరవాత ఆయన నవ్వారు చూడండీ, బల్ల కిర్రుకిర్రుమంది. కడుపు పట్టుకుని, కౌంటరు మీద తల ఆన్చి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"నవ్వు, నవ్వు," అన్నారు ఫొటోల ఆయన విగ్గు సర్దుకుంటూ. "నువ్వెక్కిన బల్ల సంగతేమిటి మరి?"

వాళ్ళ స్నేహం మొదలయ్యాక ఆ మాట అనడం అదే మొదలు. అనేశాక ఆయనే నాలిక కరుచుకున్నారు. ఈలోపల గంట ఊరుకోలేదు. "దిగమన్నానా లేదా?" అంది, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో.

మాస్టారు దాన్ని చూశారు. మమ్మల్నీ చూశారు. బల్ల అంచున కూర్చుని, ఒక కాలు, తరవాత రెండో కాలు నేల మీద పెట్టి నిలబడ్డారు. గంట ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. దాని కంటే జానెడు ఎక్కువ ఉంటారేమో.

"నువ్వు చిన్నపిల్లాడివా?"

"కాదమ్మా. పెద్దవాణ్ణే. పొట్టివాణ్ణి," అన్నారు మాస్టారు. ఆ కొట్లో ఆ మాట పలకగా నేను వినడం అదే మొదటిసారి. పలికినా పైకప్పేమీ కూలలేదు.

"ఎందుకు పొట్టి?"

"పుట్టడమే అలా పుట్టాను. మీ అమ్మమ్మ పొడుగ్గా పుట్టింది, నేను పొట్టిగా పుట్టాను."

"అన్నం తినలేదా?"

"బోలెడు తిన్నాను. అంతా మీసానికి పోయింది."

గంట ఆ మీసాన్ని పరీక్షగా చూసి, నిజమేనన్నట్టు తల ఊపింది. తరవాత బుద్ధిగా చేతులు చాపి నిలబడింది. మామూలుగా కౌంటరు మీద నిలబెట్టిన పిల్లలు ఏడుస్తారు, మెలికలు తిరుగుతారు. ఎదురెదురుగా నిలబడిన ఈ ఇద్దరికీ మాత్రం పేచీయే రాలేదు. ఆయన దాని భుజాలు కొలుస్తుంటే, అది టేపు రెండో కొస పట్టుకుని ఆయన చెయ్యి కొలిచింది. "నీది పది," అంది. దానికి పదివరకే వచ్చు.

గుడ్డ ఎంత వస్తుందో చూద్దామని మాస్టారు చొక్కా తిరగేసి నేల మీదే పరిచారు. గంట దాని మీద కూర్చుని వేళ్ళతో తడుముతూ, "ఇందులో దిండుంది!" అంది. భుజం దగ్గరి మడత దొరికింది దానికి. "తాతయ్య భుజం వంకరా?"

మాస్టారు గతుక్కుమని నావైపు చూశారు. బిస్కెట్లు లేవు, ఏం చెయ్యను? నేనే చెప్పాను. "అవునే. కొంచెం దిగిపోయి ఉండేది. ఆ సంగతి తాతయ్యకు తెలియదు. మాస్టారు ఆయనకు తెలియకుండా కుట్టేవారు."

"తెలియకపోవడమేమిటమ్మా!" అన్నారు మాస్టారు. "ఆయనే కదా కుట్టమన్నది. 'మా ఆవిడకు మాత్రం తెలియకూడదు మాస్టారూ, చూస్తే బెంగపెట్టుకుంటుంది' అని ఎన్నిసార్లు చెప్పారో! ప్రతి చొక్కాకూ చెప్పేవారు."

నేను కౌంటరు పట్టుకుని నిలబడ్డాను. నాకు తెలియకూడదని ఆయన, ఆయనకు తెలియకూడదని నేను. ఇద్దరం ఒకే మడతను ఏళ్ళ తరబడి ఒకరి నుంచి ఒకరం దాచుకున్నాం. నవ్వొచ్చింది. ఆయన పోయాక నేను అలా నవ్వలేదు. మాస్టారు కూడా నవ్వుతూ, మా ఆయన ఎండలో వచ్చి ఆ తలుపు పక్కన సంచి దించి ఎలా ఉస్సురనేవారో, ఉత్తరాలు పంచడం మర్చిపోయి టీ కబుర్లలో ఎలా పడేవారో చెప్పుకొచ్చారు. ఫొటోల ఆయన కూడా రెండు చెప్పారు. ఒకటి నేను విన్నదే. అయినా మళ్ళీ విన్నాను.

మేడమ్ క్యాలెండరు చదవడం ఎప్పుడో మానేసింది. "మాస్టారూ, రేపు వస్తున్నారా?" అంది.

ఆయన నేల మీద నిలబడే, బల్ల అంచు చేత్తో తడుముతూ, "అక్కడ ఎంతమంది ఉంటారు?" అని అడిగారు.

"అరవై మంది దాకా."

"అందరూ దీనిలాంటి వాళ్ళేనా?"

"అందరూ దీనిలాంటి వాళ్ళే."

"అరవై గంటలా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"వెళ్ళవయ్యా," అన్నారు ఫొటోల ఆయన. "నాకు విగ్గే పోయింది. నీకింక పోయేదేముంది?"

మాస్టారు గంటవైపు చూశారు. "ఈవిడ తోడొస్తే వస్తాను," అన్నారు.

మర్నాడు గంటా నేనూ మాస్టారూ కలిసి బడి దారిన నడిచాం. సరిగ్గా పిల్లలంతా వచ్చే వేళ. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మెడలో టేపును పదేపదే సర్దుకుంటున్నారు. మలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగి, "సూదులు మర్చిపోయానేమో," అన్నారు. జేబులో పెట్టె గలగలలాడింది. మర్చిపోలేదు. గంట ఆయన వేలు పట్టుకుని లాక్కుపోయింది. ఆ వేలు పట్టుకోవడానికి దానికి చెయ్యి ఎత్తాల్సిన పని లేదు.

బడిలో అడుగుపెట్టగానే నేను ఒకటి గమనించాను. అక్కడ కుర్చీలు ఆయనకు సరిపోతాయి. బట్టలు తగిలించే కొక్కేలు అందుతాయి. చేతులు కడుక్కునే కుళాయి సరిగ్గా ఆయన మోచేతి ఎత్తున ఉంది. ఆయన కుర్చీలో కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాయి. ఆ పాదాలను ఒకసారి చూసుకుని, ముందుకూ వెనక్కీ ఆడించారు.

పిల్లలు కమ్ముకున్నారు.

"ఈ అబ్బాయికి మీసాలొచ్చాయి!"

"నువ్వు కొత్తగా చేరావా? ఏ క్లాసు?"

"మీ అమ్మ కూడా ఇంతేనా?"

టీచర్లు నలుగురూ నాలుగు వైపుల నుంచి పెదవుల మీద వేళ్ళు పెట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "ష్! తప్పు! అలా అనకూడదు!"

మాస్టారి మొహం బిగుసుకుంది. ఆయన చిన్నప్పటి బడి కిటికీ నాకే కళ్ళకు కట్టినట్టయింది, ఆయనకు కట్టకుండా ఉంటుందా? కానీ ఆయన లేవలేదు. "అననివ్వండి మేడమ్," అన్నారు మెల్లగా. "అడిగితే చెప్పేస్తాను. చెప్పేస్తే అయిపోతుంది."

ఆయన చెప్పేలోపల గంట కుర్చీ పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "ఈయన పెద్దవాడే. పొట్టివాడు. పుట్టడమే అలా పుట్టాడు. అన్నమంతా మీసానికి పోయింది." వరసలో వచ్చిన ప్రతివాడికీ అదే పాఠం. కొంతసేపటికి వరసలో వెనకున్నవాళ్ళు కూడా కలిసి వల్లించారు. ఇంకాసేపటికి వాళ్ళకు విసుగొచ్చింది. ఆ కత్తెరతో చెవులు తెగుతాయా, ఆ సుద్దముక్క తింటే ఏమవుతుంది, నిక్కరుకు జేబులు ఎన్ని పెడతావు, వీటి మీదికి వెళ్ళిపోయారు.

ఒక పిల్ల మాత్రం కొలతకు రానంది. మూల నిలబడి, "నువ్వు బాగాలేవు," అంది.

మాస్టారు టేపు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఏం బాగాలేనమ్మా?"

"మీసం. గుచ్చుకుంటుంది."

మాస్టారు ఊపిరి వదిలి, మీసాన్ని రెండు చేతులతో మూసి పట్టుకుని, "ఇప్పుడు రా," అన్నారు. రెండు చేతులూ మీసానికే సరిపోయాయి కాబట్టి ఆ పిల్ల కొలత నేను తీయాల్సి వచ్చింది. ఆ ఒక్క గౌనే కాస్త వదులైంది.

కొట్టు మూయలేదు. ఇప్పుడు ఆ లాడం బల్ల మీద మాస్టారు నిలబడరు. వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుంటారు. భుజాలూ మెడా కొలవాలంటే, "కూర్చోండి సార్, మీరు మరీ ఎదిగిపోయారు," అంటూ తాను నేల మీద తిరుగుతారు. కౌంటరు ఎత్తు తగ్గించి కోయించారు. సాయంత్రం బడి వదిలే వేళకు కొట్టు ముందు నిలబడి ఉంటారు, ఆ దారిన పోయే పిల్లలందరికీ ఏదో ఒక వంక పెడుతూ. ఫొటోల ఆయన విగ్గు మాత్రం తీయలేదు. జిగురు మార్చారు.

గంట గౌనుకు వాళ్ళ తాతయ్య జేబును కదపకుండా అలాగే ఉంచారు మాస్టారు. ఆ దిండు కూడా కావాలని అది ఏడిస్తే, దాన్ని జేబు లోపల కుట్టేశారు. బస్సులో ఎవరు పలకరించినా, "ఇది మా తాతయ్య చొక్కా. చచ్చిపోయాడు. భుజం వంకర," అని జేబు నొక్కి చూపిస్తుంది. మొదట్లో జనం కంగారుగా నావైపు చూసేవారు. మొన్న ఒకావిడ, "ఎలా ఉండేవారమ్మా?" అని అడిగింది. మేం దిగాల్సిన చోటు దాటిపోయేదాకా చెప్పాను.

నిన్న అమ్మాయి బట్టలు ఇవ్వడానికి కొట్టుకు వెళ్ళాం. బల్ల మీద ఎవరో కొత్తాయన కూర్చుని ఉన్నాడు. ఎంత పొడుగంటే, కూర్చున్నా మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. గంట ఆయన్ని కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. నోరు తెరిచింది. అలవాటు కొద్దీ నా చెయ్యి సంచిలోకి పోయింది.

"ఉంచండమ్మా," అన్నారు మాస్టారు సూదుల సందులోంచి. "ఏమంటుందో విందాం."

ఆ పొడుగాయన కూడా వినడానికి కొంచెం వంగాడు.